వో-లె-వికోంత్ తోటలో నిజంగా 1661 నాటిది ఏది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ పెడుతున్నాను, తర్వాత చదివేవాళ్లకు సులువుగా ఉంటుంది. మీరు కుటుంబంతో పారిస్ దగ్గర ఉన్న వో-లె-వికోంత్ కోటకు వెళ్లారు. అది 1661 నాటి బరోక్ తోట (17వ శతాబ్దపు యూరప్‌లో గీతలు గీసినట్టు కొలతలతో వేసిన ఆడంబరమైన తోట) అనీ, 14వ లూయీ వెర్సాయ్ తోటకి ముందుదనీ విని వెళ్లారు. తీరా చూస్తే, ఫొటోల్లో పచ్చటి లతల డిజైన్ కనిపించే చోట అల్యూమినియం పలకలు పరిచి ఉన్నాయి. "దీన్ని పునరుద్ధరణ అనొచ్చా? ఈ తోటలో పాతదేది, కొత్తదేది? ఇవన్నీ ఎవరు నిర్ణయిస్తారు? మా అమ్మాయి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదువుతానంటోంది, ఈ రంగం గురించి చెప్పండి" అని అడిగారు.

నేను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని. చాలా ఏళ్లుగా పాత తోటల సర్వే, పునరుద్ధరణ పనుల్లో ఉన్నాను. సూటి జవాబు ముందే చెప్పేస్తాను. ఆ తోటలో 1661 నాటిది మొక్కల్లో లేదు, నేలలో ఉంది. నేల మట్టాలు, వాలు, నీటి దారులు, కోట నుంచి కొండ దాకా సాగే మధ్యరేఖ, ఇవే అసలు తోట. అల్యూమినియం పలకలు వచ్చింది 1661 నాటి డిజైన్ స్థానంలో కాదు, 1920ల్లో వేసిన డిజైన్ స్థానంలో. అందుకే ఆ పలకలు చూసి నాకు బాధ కలగలేదు. రేపు ఎవరైనా ఆ నేలను ఒక మీటరు ఎత్తు లేపితే మాత్రం తోట పోయినట్టే.

ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను.

పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, మెలన్ పట్టణం పక్కనున్న మాంసీ ఊళ్లో ఉంది ఈ ఎస్టేట్. నికొలా ఫూకే దీన్ని 1641లో కొన్నాడు. 1653లో ఆయన ఫ్రాన్స్ ఆర్థిక వ్యవహారాల అధికారి అయ్యాడు, అసలు నిర్మాణం ఆ తర్వాతే జోరందుకుంది. భవనానికి లూయీ లె వో, లోపలి చిత్రాలకూ అలంకరణకూ షార్ల్ లె బ్రన్, తోటకు ఆంద్రె లె నోత్ర్. తోట కోసం అక్కడి పల్లెలను లేపేశారు. ఆంకెయ్ అనే చిన్న ఏటిని మళ్లించి కాలువలో పెట్టారు. ఎంత మట్టి తవ్వారో, ఎంత మోశారో ఇప్పుడు నడిచేవాళ్లకు తట్టనే తట్టదు. తట్టకుండా చేయడమే లె నోత్ర్ గొప్పతనం.

మీరు ఫొటోలు తీసుకునే హడావిడిలో గమనించారో లేదో గానీ, కోట వెనక మెట్ల మీద నిలబడి చూస్తే తోటంతా ఒక్క చూపులో అయిపోయినట్టు ఉంటుంది. దగ్గర్లో పార్తేర్, అంటే మేడ కిటికీల్లోంచి చూడటానికి నేల మీద పరిచిన డిజైన్. దాని తర్వాత గుండ్రటి కొలను, ఆపైన పెద్ద చతురస్రపు కొలను, దాని అంచునే గుహల వరస, పైన పచ్చటి వాలు, వాలు మీద బంగారు పూతతో హెర్క్యులిస్ విగ్రహం. పది నిమిషాల్లో చుట్టేసి రావచ్చు అనిపిస్తుంది.

నడవడం మొదలుపెడితే ఒక్కొక్కటీ మారిపోతుంది. సమతలం అనుకున్న నేల నిజానికి దిగుతూ ఉంటుంది. కోట దగ్గర నిలబడితే అస్సలు కనపడని ఒక అడ్డకాలువ కాళ్ల ముందుకు వస్తుంది. కోట దగ్గరున్నవాటికన్నా దూరంగా ఉన్న కొలనులను కావాలనే పెద్దవిగా కట్టారు. దూరం వెళ్లేకొద్దీ వస్తువులు చిన్నగా కనపడాలి కదా, ఆయన వాటి కొలతలు పెంచి ఆ తేడాను చెరిపేశాడు. అందుకే తోట అసలు పొడవు కన్నా పొట్టిగా కనపడుతుంది. చతురస్రపు కొలను దాకా చేరి వెనక్కి తిరిగితే, అంత దూరంలో ఉన్న కోట మొత్తం ఆ నీళ్లలో కనిపిస్తుంది. ఇక గుహలు వచ్చేశాయి అనుకుని అంచుకు వెళితే నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. కింద దాదాపు కిలోమీటరు పొడవున పెద్ద కాలువ. గుహలు కొలను అంచున లేవు, కాలువ అవతలి గట్టున ఉన్నాయి. అంత పెద్ద కాలువ కోట నుంచి ఒక్క గీతగా కూడా కనిపించదు.

ఇది ఏ మొక్క వల్లా సాధ్యం కాలేదు. ఏ మట్టం ఎంత ఎత్తులో ఉండాలి, ఏ గట్టు దేన్ని కప్పాలి అని తాడు, కర్రలు, నీటిమట్టం పెట్టి లెక్కగట్టిన పని ఇది. పునరుద్ధరణ గురించి మాట్లాడేటప్పుడు మొదట కాపాడాల్సింది దీన్నే. ఒక గట్టును అరమీటరు లేపినా, పక్కనున్న చెట్ల వరసను కత్తిరించకుండా లోపలికి పెరగనిచ్చినా, కాలువ ముందే బయటపడుతుంది, లేదా కొలనులో కోట సగమే కనపడుతుంది. పూలు మారితే ఎవరికీ ఏమీ కాదు.

ఇక ఫూకే కథ. 1661 ఆగస్టు 17న ఆయన ఇక్కడ 14వ లూయీకి విందు ఇచ్చాడు. నాటక రచయిత మొలియేర్ కొత్త నాటకం వేశారు, బాణసంచా కాల్చారు. తర్వాత మూడు వారాలకే, సెప్టెంబరు 5న నాంత్ నగరంలో రాజు ఆయన్ని అరెస్టు చేయించాడు. అరెస్టు చేసింది రాజు మస్కెటీర్ల దళం అధికారి దార్తాన్యాన్. రాజుకు ఆ రోజు 23 ఏళ్లు నిండాయి. తోట చూసి రాజు అసూయపడి జైల్లో పెట్టించాడని గైడ్లు చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, ఫూకేను తొలగించాలన్న నిర్ణయం విందుకు నెలల ముందే, ఫూకే ప్రత్యర్థి, రాజు సలహాదారు కోల్బేర్ నూరిపోయడంతో జరిగిపోయింది. మూడేళ్లు విచారణ నడిచింది. కోర్టు దేశ బహిష్కరణ వేస్తే, రాజు దాన్ని యావజ్జీవ ఖైదుగా మార్చాడు. ఫూకే 1680లో పిన్యెరోల్ కోటలో ఖైదీగానే చనిపోయాడు. లె వో, లె బ్రన్, లె నోత్ర్ ముగ్గురూ వెర్సాయ్ పనికి వెళ్లారు. వాళ్లతో పాటు వో తోటలోని నారింజ చెట్లు, విగ్రహాలు కూడా చాలావరకు రాజుగారి దగ్గరికే చేరాయి.

తోటకు అసలు దెబ్బ తగిలింది మాత్రం అప్పుడు కాదు, తర్వాతి రెండు వందల ఏళ్లలో. ఎస్టేట్‌ను 1705లో మార్షల్ విలార్, 1764లో ప్రాలాన్ ప్రభువు కొన్నారు. ఫౌంటెన్లు నడపడం ఖర్చుతో కూడిన పని. 18వ శతాబ్దంలో భూమిలోని సీసపు గొట్టాలను పెద్ద ఎత్తున పీకి అమ్మేశారు. సీసానికి ఎప్పుడూ ధర ఉంటుంది, తోటకు ఉండదు. 1847లో ప్రాలాన్ కుటుంబంలో జరిగిన ఘోరం (పారిస్‌లో భార్యను హత్య చేసి అప్పటి ప్రభువు విషం తాగాడు) తర్వాత ఇక్కడ పట్టించుకునేవాళ్లే లేకపోయారు. డిజైన్లు చెరిగిపోయాయి, పొదలు కమ్మేశాయి, కాలువలు పూడాయి. అయినా నేల మట్టాలు మిగిలాయి. డబ్బున్న యజమాని ఎవరైనా ఫ్యాషన్ కోసం కొత్త తోట వేయించి ఉంటే అవి కూడా మిగిలేవి కావు. నిర్లక్ష్యం కన్నా ఉత్సాహం వల్లే ఎక్కువ పాత తోటలు నాశనమయ్యాయని నా అభిప్రాయం.

1875లో ఎస్టేట్ వేలానికి వచ్చింది. కొన్నది ఆల్‌ఫ్రెడ్ సొమ్మియే అనే చక్కెర వ్యాపారి. కోట పనిని దెస్తాయర్ అనే ఆర్కిటెక్ట్‌కు, తోట పనిని ఎలీ లేనేకు అప్పగించాడు. వాళ్ల చేతిలో ఉన్న ఆధారాల్లో ముఖ్యమైనవి 17వ శతాబ్దంలో ఇస్రాయెల్ సిల్వెస్త్ర్ చెక్కిన తోట దృశ్యాలు. వాటిని చూసుకుంటూ కొలనులు బాగుచేశారు, గట్లు సరిచేశారు, నీళ్లు మళ్లీ పారించారు. ఇప్పటికీ వేసవిలో కొన్ని శనివారాలు అక్కడి ఫౌంటెన్లు ఎత్తు మీదున్న నీళ్ల బరువుతోనే ఎగురుతాయి, పంపులు ఉండవు. ఈసారి వెళితే అలాంటి రోజు చూసుకుని వెళ్లండి. నీళ్లు లేని బరోక్ తోటను చూసిన మనిషి సగం తోటే చూసినట్టు.

సొమ్మియే అన్నీ పాతవే పెట్టాడా అంటే, లేదు. ఆ బంగారు హెర్క్యులిస్ చూశారుగా, అది 1891లో వచ్చింది. అక్కడ హెర్క్యులిస్ ఉండాలని ఫూకే కాలంలోనే అనుకున్నారు గానీ పెట్టే రోజు రాలేదు. 230 ఏళ్ల తర్వాత ఒక చక్కెర వ్యాపారి ఆ పని పూర్తి చేశాడు. ఇలాంటి పని ఈ రోజుల్లో ఎవరైనా ప్రతిపాదిస్తే మా కమిటీల్లో పెద్ద గొడవే అవుతుంది. ఎన్నడూ లేనిదాన్ని పెట్టడం పునరుద్ధరణ ఎలా అవుతుందని అడుగుతారు. కానీ ఆ విగ్రహం లేకపోతే చూపు కొండ మీద ఆగేచోటు లేక జారిపోతుంది. సొమ్మియే తోటను చదవగలిగాడు. ఆయన మీద నాకు చాలా గౌరవం.

ఇప్పుడు మీ అల్యూమినియం దగ్గరికి వద్దాం. లతల్లాంటి వంపులతో ఉన్న ఆ డిజైన్, ఎర్ర ఇటుకపొడి మీద పచ్చటి బాక్స్‌వుడ్ (కత్తిరించి కంచెలుగా పెంచే చిన్నాకుల పొద) మొక్కలతో వేసిన ముగ్గు లాంటిది. సొమ్మియే కాలంలో అది లేదు. 1920ల్లో ఆయన కుటుంబం అషీల్ ద్యుషెన్‌ను పిలిపించి వేయించింది. ద్యుషెన్ అప్పటికే ఫ్రాన్స్‌లోనూ బయటా ఎన్నో పాత తోటలకు ప్రాణం పోసిన మనిషి. ఇంగ్లండ్‌లో బ్లెన్‌హైమ్ నీటి తోట కూడా ఆయనదే. ఇక్కడ సిల్వెస్త్ర్ బొమ్మల నుంచి స్ఫూర్తి తీసుకున్నా, నూటికి నూరుపాళ్లు నకలు కాదు. 20వ శతాబ్దపు పనితనం అందులో ఉంది. అంటే మీరు ఫొటోల్లో చూసి "1661 నాటిది" అనుకున్నది వందేళ్ల నాటిది. ఆ డిజైన్‌కు దానిదైన విలువ ఉంది, తక్కువ చేయడం లేదు. వయసు మాత్రం సరిగ్గా చెప్పుకోవాలి.

ఆ మొక్కలకు ఏమైంది? యూరప్‌లోని బాక్స్‌వుడ్‌కు గత ముప్ఫై ఏళ్లలో రెండు శత్రువులు తగిలాయి. ఒకటి ఆకులు రాల్చి కొమ్మలను నల్లగా ఎండబెట్టే ఫంగస్ తెగులు. 1990ల్లో ఇంగ్లండ్‌లో బయటపడి తర్వాత అంతటా పాకింది. రెండోది తూర్పు ఆసియా నుంచి నర్సరీ మొక్కలతో వచ్చిందని భావించే చిమ్మట. 2007లో జర్మనీలో, మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో కనిపించింది. దీని గొంగళిపురుగులు ఒక్క సీజన్‌లో కంచె మొత్తాన్ని పుల్లలు చేసేస్తాయి. బరోక్ తోటకు ఇది ప్రత్యేకమైన సమస్య. మామూలు తోటలో నాలుగు మొక్కలు చస్తే మరో నాలుగు నాటుతాం. ఇక్కడ వేల మొక్కలు కలిసి ఒకే గీత. మధ్యలో ఒక అడుగు ఎండిపోయినా గీత తెగినట్టు మేడ మీది నుంచి కనపడుతుంది. పైగా దగ్గరదగ్గరగా నాటి, గట్టిగా కత్తిరించే కంచెలో గాలి ఆడదు, తడి నిలుస్తుంది, తెగులుకు అదే కావాలి.

వో దగ్గర చివరికి 2019లో ఆ బాక్స్‌వుడ్‌ను తీసేశారు. మళ్లీ ఏం నాటాలో తేలేదాకా ఖాళీ నేల వదలకుండా, పాట్రిక్ ఉర్‌కాద్ రూపొందించిన అల్యూమినియం రిబ్బన్లు పరిచారు. ఇది తాత్కాలికం అని వాళ్లే చెప్పారు.

ఇలాంటప్పుడు ముందు మూడు దారులుంటాయి. ఒకటి, పోరాడటం. చిమ్మటకు ట్రాప్‌లు, జీవ కీటకనాశిని, ఫంగస్‌కు కత్తిరింపు వేళలు మార్చడం. చిన్న తోటల్లో ఇది నడుస్తుంది. ఎకరాల కొద్దీ డిజైన్ ఉన్నచోట కూలీ ఖర్చే తోటను మింగేస్తుంది. రెండు, పోలికగల వేరే మొక్క పెట్టడం. నెదర్లాండ్స్‌లోని హెట్ లో తోటలో తెగులు పడ్డ బాక్స్‌వుడ్ బదులు చిన్నాకుల జపాన్ హాలీ నాటారు. దూరం నుంచి తేడా తెలీదు. కాకపోతే అది 17వ శతాబ్దపు యూరప్ తోటమాలి ఎరగని మొక్క, దానికి కావలసిన మట్టీ నీళ్లూ వేరు. మూడు, వో చేసినట్టు, మొక్కలాగా నటించని వస్తువుతో గీతను గుర్తుగా ఉంచడం.

ఈ మూడింటిలో కొన్నేళ్ల మట్టుకు నేను మూడోదాన్నే సమర్థిస్తాను. అది చూసేవాణ్ణి మోసం చేయదు. మీరే చూడండి, మీకు వెంటనే "ఇక్కడ ఏదో ఉండేది" అని అనుమానం వచ్చింది, ప్రశ్న అడిగారు. ప్లాస్టిక్ గడ్డితో కంచె చేసి పెడితే అడిగేవారు కాదు. పైగా నేలను కదపలేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. నా భయం మరోటి. తాత్కాలికం అన్నది ఇరవై ఏళ్లు ఉండిపోతే, అలాంటి డిజైన్‌ను తాడు పట్టి గీసి, ఏడాదికి రెండుసార్లు కత్తెరతో అదే కొలతకు తెచ్చే తోటమాలులు మిగలరు. మొక్క నర్సరీలో దొరుకుతుంది, ఆ చేయి దొరకదు. కాబట్టి కనీసం ఒక మూల అయినా నిజం మొక్కలతో డిజైన్ నడుపుతూ ఉండాలని, ఏ ఎస్టేట్‌కైనా నేను చెప్పే మాట.

"మొక్కలు మార్చేస్తే ఇంక చారిత్రక తోట ఏమిటి" అని మీ శ్రీమతిగారు అన్నారని రాశారు. మంచి ప్రశ్న. వెర్సాయ్‌నే తీసుకోండి. 16వ లూయీ గద్దెనెక్కగానే, 1774–75 చలికాలంలో అక్కడి ముసలి చెట్లను కొట్టించి మొత్తం మళ్లీ నాటించాడు. 19వ శతాబ్దంలో ఇంకోసారి నాటారు. 1990 తుఫాను, ఆ తర్వాత 1999 డిసెంబరు 26 నాటి పెనుతుఫాను వేల చెట్లను కూల్చాక మరోసారి. లె నోత్ర్ నాటిన చెట్లు ఇప్పుడు అక్కడ లేనట్టే. అయినా అది లె నోత్ర్ తోటే. 1981లో ఫ్లోరెన్స్‌లో నిపుణులు కూర్చుని చారిత్రక తోటల కోసం ఒక చార్టర్ రాసుకున్నారు. తోట ప్రధానంగా మొక్కలతో చేసిన నిర్మాణం, అవి బతికేవీ చచ్చేవీ కాబట్టి మళ్లీ నాటుకోవలసినవే అన్నది అందులో మొదట్లోనే ఉంది. శిథిల గుడికి పెట్టే నియమాలు తోటకు పెడితే కుదరదని వాళ్లు ఒప్పుకున్నారు.

అదే చార్టర్‌లో ఇంకో రెండు నియమాలున్నాయి, పోట్లాటలన్నీ వాటి దగ్గరే వస్తాయి. తోట కాలక్రమంలో మారిన దశలన్నిటినీ గౌరవించాలి, ఏదో ఒక్క దశనే నెత్తిన పెట్టుకోకూడదు. ఇక, ఆనవాళ్లే లేకుండా పోయిన తోటను ఊహతో కడితే దాన్ని చారిత్రక తోట అనకూడదు.

ఈ నియమాలతో చూస్తే హెట్ లో కథ ఆసక్తిగా ఉంటుంది. అపెల్‌డోర్న్ దగ్గర విలియం, మేరీ దంపతులు 1680ల్లో కట్టించుకున్న భవనం, తోట అది. వాళ్లే తర్వాత ఇంగ్లండ్ రాజూ రాణీ అయ్యారు. తోట ఎలా ఉండేదో రాజవైద్యుడు వాల్టర్ హ్యారిస్ 1699లో వివరంగా వర్ణించి పెట్టాడు. నెపోలియన్ తమ్ముడు లూయీ హాలండ్ రాజయ్యాక, 1807 ప్రాంతంలో ఆ తోట మీద ఇసుక పోయించి, పైన ఇంగ్లిష్ పద్ధతి పార్కు వేయించాడు. 1911–14 మధ్య భవనం మీద ఇంకో అంతస్తు లేచింది. నెదర్లాండ్స్ రాణి విల్‌హెల్మినా 1962లో చనిపోయేదాకా అక్కడే ఉంది. 1977 నుంచి 1984 వరకు జరిగిన పునరుద్ధరణలో ఆ అంతస్తు తీసేశారు, పార్కు తీసేశారు, ఇసుక తవ్వారు. కింద పాత గోడల, ఫౌంటెన్ల పునాదులు బయటపడ్డాయి. పాతిపెట్టినవాడే తెలియకుండా కాపాడాడు. వాటి మీదే 17వ శతాబ్దపు తోటను మళ్లీ నిలబెట్టారు.

ఆధారాలు బలంగా ఉన్నాయి, పని అందంగా ఉంది. కానీ భవనం పక్కనే నూట డెబ్బై ఏళ్లు పెరిగిన పార్కు, రాజకుటుంబం నిజంగా బతికిన ఇల్లు, రెండూ ఆ పనిలో పోయాయి. అక్కడ నేనుంటే తోట విషయంలో ఒప్పుకునేవాణ్ణి, అంతస్తు విషయంలో ఒప్పుకునేవాణ్ణి కాదు. ఈ రంగంలో చాలామంది ఇప్పటికీ రెండు వైపులా వాదిస్తారు.

లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ రాజభవనంలోని ప్రివీ గార్డెన్ (రాజు సొంత తోట) విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. అదీ ఆ విలియం తోటే, 1700–02లో వేసింది. నది కనపడాలని నేలను తవ్వి దించారు. పని పూర్తయ్యే వేళకు గుర్రం మీంచి పడి, 1702 మార్చిలో ఆయన చనిపోయాడు. 1764లో అక్కడ ముఖ్య తోటమాలిగా చేరిన కేపబిలిటీ బ్రౌన్ చెట్లను కత్తిరించడం మానేశాడు. పిరమిడ్ ఆకారంలో ఉండాల్సిన యూ (ఏడాదంతా పచ్చగా ఉండే ఒక జాతి) చెట్లు రెండు వందల ఏళ్లలో మహావృక్షాలయ్యాయి. తోట మొత్తం నీడపట్టి పొదలమయం అయింది. 1986 మార్చి 31న రాజు గదుల్లో పెద్ద అగ్నిప్రమాదం. ఆ గదులను విలియం కాలానికి బాగుచేసి 1992లో తెరిచాక, కిటికీలోంచి చూస్తే కింద చీకటి అడవి. గదులకూ తోటకూ పొంతన లేదు. అందుకే తోటనూ వెనక్కి తీసుకురావాలని నిర్ణయించారు.

అప్పుడు చేసిన తవ్వకాలు మా వృత్తికే పాఠం. పాత పాదులు తవ్విన గుంటలను వేరే మట్టితో నింపారు కాబట్టి, పైపొర తీయగానే రంగు తేడాతో డిజైన్ అంతా నేల మీద కనపడింది. పూల పట్టీల అంచులు, దారుల వెడల్పు, ఒక్కో చెట్టు నాటిన గుంట. దానికి తోడు ఆనాటి ప్లాన్లు, మొక్కల బిల్లులు ఉన్నాయి. మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. పెద్ద యూ చెట్లను కొట్టేస్తుంటే అభ్యంతరాలు వచ్చాయి, వాటిలో న్యాయమూ ఉంది. 1995లో తోట తెరిచాక, కిటికీ నుంచి నది ఒడ్డున ఉన్న జాన్ తిజూ అనే ఇనుప పనివాడు చేసిన తెరల దాకా చూపు మళ్లీ సాగింది. పూల పట్టీల్లో మొక్కలను ఆనాటి పద్ధతిలో దూరదూరంగా, ఒక్కొక్కటీ విడిగా కనపడేలా నాటారు. ఇప్పటివాళ్ల కంటికి ఖాళీగా అనిపిస్తుంది. అలాగే ఉంచినందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఆధారాల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. పాత బొమ్మలను నమ్మి పని చేస్తే ప్రమాదం. చిత్రకారుడు యజమానిని మెప్పించాలి, ఫౌంటెన్లు ఉన్నదానికన్నా ఎత్తుగా ఎగురుతాయి, ఇంకా కట్టనివి కట్టినట్టు ఉంటాయి. బొమ్మ చెప్పింది నేల ఒప్పుకోవాలి. అదృష్టం ఏమిటంటే నేల మరిచిపోదు. 2018 వేసవి ఎండలకు ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్ భవనం ముందున్న పచ్చిక ఎండిపోతే, 1699 నాటి పార్తేర్ గీతలన్నీ ఆ గడ్డి మీద తేలాయి. మూడు వందల ఏళ్ల కిందట తవ్విన పాదుల్లో తేమ నిలిచే తీరు వేరు కాబట్టి పైన గడ్డి ఎండే తీరు కూడా వేరు. ఇప్పుడు డ్రోన్లతో ఇలాంటి గుర్తులు పట్టుకోవడం సులువైంది. కరువు వేసవి మాకు సర్వే సీజన్.

ఎవరు నిర్ణయిస్తారన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. వో ప్రైవేటు ఆస్తి, సొమ్మియే వారసులే నడుపుతున్నారు, 1968 నుంచి జనానికి తెరిచారు. అయినా అది ప్రభుత్వం గుర్తించిన చారిత్రక కట్టడం కాబట్టి, పెద్ద పని ఏది చేయాలన్నా సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి. డబ్బు ఎక్కువగా టికెట్లూ కార్యక్రమాల నుంచి రావాలి, అందుకే అక్కడ కొవ్వొత్తుల సాయంత్రాలు, క్రిస్మస్ అలంకరణలు. కొందరికి అది నచ్చదు. నాకైతే కాలువ పూడిక తీయడానికి డబ్బు వచ్చే ఏ కొవ్వొత్తీ తప్పుగా కనపడదు.

ఇక మీ అమ్మాయి సంగతి. చరిత్ర, డ్రాయింగ్, మొక్కలు, నీటి లెక్కలు, ఈ నాలుగింటి మీదా ఇష్టం ఉంటే ఈ రంగం చాలా బాగుంటుంది. డబ్బు మామూలు ల్యాండ్‌స్కేప్ ఆఫీసుల్లో ఉన్నంత ఉండదు, ముందే చెబుతున్నాను. మన దగ్గర ఢిల్లీ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీ ఉంది. ముందు బీఆర్క్ చేసి వెళ్లడం మామూలు దారి. ఫ్రాన్స్ మీద మనసుంటే వెర్సాయ్‌లోని జాతీయ ల్యాండ్‌స్కేప్ స్కూలు రాజుగారి పాత కూరగాయల తోట పక్కనే ఉంది. దానికి ఫ్రెంచ్ బాగా రావాలి, ఇంటర్‌లోనే మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

కోర్సు కన్నా ముందు చేయాల్సింది ఒకటి చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ఉంటారని రాశారు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికి తీసుకెళ్లండి, గుమ్మటాలు చూశాక మెట్లబావుల దగ్గర ఎక్కువసేపు ఉండండి. అక్కడి బడీ బావలీ 2013 వానలకు ఒక పక్క కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్, తెలంగాణ ప్రభుత్వం కలిసి చేసిన పనిలో దాన్ని మళ్లీ కట్టారు, గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. వాననీళ్లు బావిలోకి ఏ వైపు నుంచి చేరుతున్నాయి, అక్కడి నుంచి చెట్లకు ఎలా వెళతాయి, ఆవరణ నేల ఏ వైపుకు వాలుగా ఉందో అమ్మాయిని కాగితం మీద గీయమనండి. అది బరోక్ తోట కాదు, పద్ధతే వేరు. పాత తోటను చదవడం మాత్రం ఎక్కడైనా అలాగే మొదలవుతుంది. ఆ గీసిన కాగితం ఇక్కడ పెడితే తప్పకుండా చూసి, ఏం వదిలేసిందో చెబుతాను.